బీరువాకు రెండు బాడుగలు

చెక్క ఉయ్యాల తొట్టి లారీకెక్కాలా వద్దా అని పొద్దున మొదలైన మాట, ఎండ ముదిరేసరికి పోట్లాటయింది.

"లారీకే ఎక్కాల," అంది బుజ్జమ్మ, నడవలో తొట్టికి అడ్డంగా కూర్చుని. "నా మనవడు ఆడికొచ్చినాక నేలమీద పండుకుంటాడా?"

"వద్దత్తా," అంది సంగీత. "రాయపూరుకు ఇది వద్దు."

"ఆడ కొత్తది కొనాలంటే ఎంతవుతాదో తెలుసా నీకు? పుంగనూరు దొడ్డమ్మ ఇంట్లో అంతమంది బిడ్డల్ని ఊపిన తొట్టి ఇది. ఇట్లాంటి చెక్క ఇప్పుడు యాడ దొరుకుతాది?"

"తెలుసత్తా."

"తెలిస్తే గమ్మునుండు."

సంగీత గమ్మునే ఉంది, కానీ తొట్టి గొలుసు మాత్రం వదల్లేదు. అత్త ఒక పక్క, కోడలు ఒక పక్క, మధ్యలో ఖాళీ తొట్టి. దాన్ని ఊపకుండా పట్టుకోవడానికే ఇద్దరూ తంటాలు పడుతున్నారు, ఖాళీ తొట్టి ఊగకూడదు గనక.

గోడవారగా స్టవ్వుకు తాడు చుడుతున్న బుజ్జమ్మ కొడుకు మునిరాజ ఇటు తిరక్కుండానే అన్నాడు. "కుప్పం బండిలో ఎయ్యండి. కాన్పు ఆడే గదా."

"కుప్పంలో వాళ్ళమ్మ చీర ఉయ్యాల కడతాదిలేరా. ఐదు నెల్లకు చీర సాలు. ఆ పైన పెరిగే బిడ్డ పండుకునేది నీ ఇంట్లో గదా?"

నీ ఇంట్లో అన్న మాటకు మునిరాజ చేతిలోని తాడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

వాకిట్లో గంగాధరం తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. అతను మదనపల్లె టమోటా మండీలో లారీలకు లోడు కుదిర్చే మనిషి. "అమ్మా, మీరు మాట్లాడుకోని తేల్చండి. లారీ వస్తే మాత్రం నేను ఆపలేను. సామాన్లు ఎక్కించుకోని మళ్ళా మండీకి పోవాల, ఆడ బాక్సులు ఎక్కాల. టమోటా ఎవురి కోసమూ నిలబడదు."

ఇల్లు మార్చే కంపెనీ వాళ్ళు చెప్పిన ధర విని మునిరాజ ఫోను పెట్టేసిన రోజునే ఈ లారీ ఆలోచన పుట్టింది. మదనపల్లెలో ఇది కొత్తేమీ కాదు. టమోటా ఎక్కడికి పోతుందో అక్కడికి మనుషుల సామాన్లూ పోతాయి. డ్రైవరు వీపు వెనక బీరువాలూ మంచాలూ, వాటి వెనక టమోటా బాక్సులు. కంపెనీ వాళ్ళు అడిగినదాంట్లో నాలుగో వంతుకు పనైపోతుంది, సామాన్లకు కాస్త టమోటా వాసన పట్టుకుంటుంది, అంతే.

మునిరాజ విత్తనాల కంపెనీలో పని చేస్తున్నాడు. ప్రమోషనిచ్చి రాయపూరుకు వేశారు. వద్దంటే ఉన్న ఉద్యోగం కూడా ఉండదు. ఆషాఢం రాకముందే కొత్తింట్లో పాలు పొంగించాలని బుజ్జమ్మ పట్టుబట్టింది. అక్కడిదాకా బాగానే ఉంది. అయితే కడుపుతో ఉన్న మనిషి ఇల్లు మారకూడదు కదా. బుజ్జమ్మ శాస్త్రాలు చదివింది కాదు గానీ, ఈ విషయంలో ఆమెను కదిలించే పంచాంగం ఇంకా అచ్చు కాలేదు.

అందుకని ఒక ఏర్పాటు చేశారు. మునిరాజ, బుజ్జమ్మ ఈ రాత్రికి రేణిగుంటలో రైలెక్కి రాయపూరు పోతారు. సంగీత, దొరస్వామి అనే బాడుగ బండివాడి టాటా ఏస్‌లో పుంగనూరు మీదుగా కుప్పం పోయి, పుట్టింట్లో ఉంటుంది. బిడ్డ పుట్టి ఐదో నెల వచ్చాక, మొగుడు వచ్చి పిలుచుకుని పోతాడు. పాత ఇల్లు వదిలేటప్పుడూ, కొత్తింట్లో అడుగు పెట్టేటప్పుడూ ఆమె ఉండదు గనక దోషం లేదు.

ఎవరికీ వంక పెట్టడానికి వీల్లేని ఏర్పాటు. ఒక్కటే తప్పుంది దాంట్లో. సంగీత కడుపులో బిడ్డ లేదు.

జాతరకని కుప్పం పోయినప్పుడు పోయింది. ఆ సంగతి ఆమెకు తెలుసు, కుప్పంలో వాళ్ళమ్మ భారతికి తెలుసు, ఇప్పుడు మనకు తెలుసు. ఈ ఇంట్లో మరెవరికీ తెలీదని సంగీత నమ్మకం.

యాల సెప్పలేదు, ఎందుకు దాచింది అని అడిగేవాళ్ళు ఒకసారి బుజ్జమ్మ కాళ్ళు చూడాలి. ఇది మూడో కడుపు. మొదటి రెండూ నిలవలేదు. ఈసారి నెల తప్పిందని తెలిసిన రోజునే బుజ్జమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. బిడ్డ పుట్టి, ఆ బిడ్డను ఎత్తుకుని బోయకొండ గంగమ్మ దగ్గరికి పోయేదాకా చెప్పు తొడగనని మొక్కుకుంది. ఎండాకాలమంతా ఆ కాళ్ళతోనే నడిచింది. మడమలు పగిలి, పగుళ్ళలో మన్ను చేరి, రాత్రిపూట ఆముదం రాసుకుని మూలుగుతూ పడుకునేది. పొద్దున లేచి మళ్ళీ వట్టి కాళ్ళతోనే పాలకు పోయేది.

ఆ కాళ్ళ ముందు నిలబడి బిడ్డ పోయిందని చెప్పడం సంగీత చేతకాలేదు. రేపు చెప్తా, రేపు చెప్తా అనుకుంటూ ఇల్లు ఖాళీ చేసే రోజుదాకా వచ్చింది.

ఇవాళ మాత్రం చెప్పక తప్పదు. లేని బిడ్డ కోసం కుప్పంలో కూర్చోవడానికి ఆమె సిద్ధంగా లేదు. ఆమెకు మొగుడి వెంట రాయపూరు పోవాలని ఉంది. ముందు మొగుడికి చెప్పి, తర్వాత అత్తకు ఇద్దరూ కలిసి చెప్పాలని లెక్క వేసుకుంది.

వంటింట్లో మునిరాజ ఒక్కడే దొరికాడు. స్టీలు గ్లాసులకు పాత పేపరు చుట్టి, బక్కెట్లో పేరుస్తున్నాడు.

"మామా, ఒగ మాట," అంది సంగీత. పెండ్లయిన రోజు నుంచి ఆమె మొగుణ్ణి అలాగే పిలుస్తుంది.

"సెప్పు."

"నేనూ వస్తా."

"యాడికి?"

"యాడికేంది? రాయపూరుకు."

అతను ఇంకో గ్లాసు తీసుకున్నాడు. "అమ్మ ఒప్పుకోదు."

"అత్త సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఒప్పుకుంటావా?"

"ఆడ ఒగటే రూము. వంట గూడా ఆ మూలలోనే. మూడు నెల్ల బాడుగ అడ్వాన్సు కట్టినా. వచ్చే జీతం వచ్చేదాకా చేతిలో ఏమీ ఉండదు. ముగ్గురంటే కష్టం."

"బి.కొత్తకోటలో మనం ఉన్నింది ఎన్ని రూములు? వాన పడితే మంచాన్ని ఆ గోడకూ ఈ గోడకూ జరుపుకుంటా రాత్రంతా నవ్వినాం, మర్సిపోయినావా?"

మునిరాజ పెదవి ఒక పక్కకు నవ్వబోయింది. నవ్వు రానివ్వకుండా గ్లాసు కేసి చూశాడు.

"అప్పుడు వేరే," అన్నాడు.

"ఏం వేరే?"

"కడుపుతో ఉండే దానివి. ఒగ రాత్రీ పగలూ రైల్లో ఎట్ల వస్తావు?"

ఆ మాట అతను పెండ్లాంతో అనలేదు, చేతిలోని గ్లాసుతో అన్నాడు. అతను ఇదివరకు ఇంట్లోకి వస్తూనే సంగీ అని పిలిచేవాడు. చెప్పులు విప్పకముందే ఆ పిలుపు వినిపించేది. ఆ పిలుపు ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించలేదు. ట్రాన్స్‌ఫరు గొడవలో మనిషి అలిసిపోయాడనుకుంది.

"మామా," అంది మెల్లగా. "కడుపు..."

"మునిరాజన్నా! లారీ వచ్చేసింది!" వాకిట్లోంచి గంగాధరం కేకేశాడు.

మునిరాజ చేతిలోని గ్లాసు అక్కడే పెట్టేసి, పిలుపు కోసమే కాచుకుని ఉన్నవాడిలాగా బయటికి పోయాడు.

*

సామాన్లన్నీ వాకిట్లో రెండు కుప్పలుగా పడ్డాయి. మండీలో ఎవరి బాక్సులు ఎవరివో తెలియడానికి రంగు గుర్తులు పెడతారు. గంగాధరం అదే పద్ధతి చెప్పి, మునిరాజకు రెండు సుద్దముక్కలిచ్చాడు. ఎర్ర గుర్తుంటే రాయపూరు లారీకి, నీలం గుర్తుంటే కుప్పం బండికి. లారీ వెనకాలే దొరస్వామి కూడా తన టాటా ఏస్ తెచ్చి నీడలో నిలిపాడు.

ఇద్దరు హమాలీలు బీరువాను ఎత్తుకుని వాకిలి దాటించారు. దాని తలుపు మీద నీలం గుర్తుంది.

"రేయ్, ఆగండి," అంది బుజ్జమ్మ. "దీనికి నీలమేందిరా మునిరాజా? తప్పు పెట్టినట్టుండావు."

"తప్పేం లేదు మా. అది కుప్పానికే."

"కుప్పంలో దాసప్పకు బీరువాలు లేవా?"

బీరువా సంగీత తండ్రి ఆ దాసప్పే కొనిపెట్టింది, కూతురి పెండ్లికి. శాంతిపురం దగ్గర గ్రానైటు పాలిష్ పట్టే చోట పని చేసి, ముక్కులోకి పోయిన దుమ్మంతా దగ్గి దగ్గి, ఆ కూలి డబ్బుతో కొన్నాడు.

"ఉండనీలే మా. కాన్పుకు పోతాండాది, గుడ్డలు పెట్టుకోను ఉంటాది."

"గుడ్డలకు పెట్టె సాలదా? కాన్పు అయినాక ఈ బీరువా రాయపూరుకే గదా రావాల? ఇప్పుడు దొరస్వామికి ఒగ బాడుగ ఇస్తావు. అప్పుడు ఇంగొగ లారీ ఎతుక్కోని ఇంగొగ బాడుగ ఇస్తావు. ఒగ బీరువాకు రెండు బాడుగలు యాలరా?"

మునిరాజ పక్కనున్న పెట్టె మీద ఇంకో గుర్తు గీశాడు.

"నెల్నాళ్ళుగా రూపాయి రూపాయి లెక్కేస్తాండావు. నా వక్కాకు సంచి గూడా ఉప్పు డబ్బాలో దూర్చినావు, జాగా కలిసొస్తాదని. పాత పరుపు అమ్మేస్తివి, రోలు అమ్మేస్తివి. దీనికి మాత్రం లెక్క లేదా?"

"లారీలో జాగా లేదు మా."

"ఉందన్నా," అన్నాడు గంగాధరం, మేలు చేస్తున్నాననుకుని. "ఈ పొద్దు లోడు కొంచెం తక్కువే. ఇట్లాంటివి రెండు బీరువాలు పడతాయి. బాడుగ గూడా ఎక్కువ అడగనులే."

"నిన్నడిగినారా గంగాధరం?"

మునిరాజ అలా కసురుకునే మనిషి కాదు. అందుకే అందరికీ ఆ మాట చెంపదెబ్బలా వినిపించింది.

బుజ్జమ్మ వట్టి కాళ్ళతో కాలుతున్న బండల మీద నడుచుకుంటూ నీలం కుప్ప చుట్టూ తిరిగింది. "కుట్టు మిషను నీలం. ఇది లేకుంటే రాయపూరుకొచ్చినాక నీ పెండ్లానికి పొద్దెట్ల పోతాది? మంచం నీలం. గ్రైండరు నీలం. మరి రాయపూరులో నేను పిండి యాడ రుబ్బుకోవాల? ఏందిరా ఇది? ఇంట్లో ఉండే మంచి సామానంతా కుప్పానికి పంపించి, మనం సట్లు కుండలు ఎత్తుకోని పోవాల్నా?"

"నా జీతం, నా లెక్క!" అని అరిచాడు మునిరాజ. "నీకేం తెలుసని మధ్యలో దూరతావు? రెండు బాడుగలిస్తానో మూడిస్తానో నా ఇష్టం!"

మొగుడు పోయాక బుజ్జమ్మ పెద్దపంజాణిలో మేకలు కాచి పెంచిన కొడుకు. నా ఇష్టం అన్న మాట ఆమె అతని నోట విననిది. కొంగుతో మొహం తుడుచుకుని, గోడవార బండ మీద కూర్చుంది.

ఇదంతా చూస్తూ గడప దగ్గర నిలబడిన సంగీత ఏమనుకుందో చెప్తే మీకు కోపం రావచ్చు. తనకు పుట్టింట్లో లోటు రాకూడదనే మొగుడు ఇంత పట్టుబడుతున్నాడనుకుంది. తన అబద్ధం వల్లనే తల్లీకొడుకులకు మాట పెరిగిందనుకుంది. తప్పు తన వైపు లాక్కోవడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

లోపలికి పోయి, అటక మీద మూటలోంచి అత్త చెప్పులు తీసింది. దుమ్ము దులిపి, తెచ్చి, బుజ్జమ్మ కాళ్ళ ముందు పెట్టింది.

"ఏందిది?" అంది బుజ్జమ్మ.

"ఏసుకో అత్తా."

"నీకు పిచ్చి పట్టిందా? మొక్కు..."

"మొక్కు లేదత్తా ఇంగ."

బుజ్జమ్మకు వెంటనే తట్టలేదు. చెప్పుల వైపు చూసింది, కోడలి మొహం వైపు చూసింది, మళ్ళీ చెప్పుల వైపు చూసింది. తర్వాత ఆమె చూపు మెల్లగా కోడలి కడుపు మీదికి పోయి అక్కడ ఆగింది.

"కుప్పంలో పోయిందత్తా," అంది సంగీత. "జాతర రెండో దినం. ఆస్పత్రికి పోయేలోపలే పోయింది. సెప్పాలనే వచ్చినా. నీ కాళ్ళు చూసి సెప్పలేకపోయినా."

గంగాధరం హమాలీలకు సైగ చేసి, తనూ లారీ చాటుకు పోయాడు.

"నాదే తప్పు. తిట్టు. కానీ ఇల్లు మారేదానికి నాకిప్పుడు అడ్డం లేదు గదా? బీరువా లారీకే ఎక్కించమను. నేనూ మీతో రాయపూరు వస్తా. ఒగ రూములో సర్దుకుంటాం. మిషను ఉంటే నేను గూడా ఆడ నాలుగు జాకెట్లు కుడతా, బాడుగకు తోడవుతాది."

ఇవన్నీ ఆమె ముందే అనుకుని పెట్టుకున్న మాటలు. గబగబా, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. ఆగితే ఏడుపొస్తుందని భయం.

బుజ్జమ్మ ఆమె చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"జాతర నుంచి వచ్చిన మర్నాడే గదే నిన్ను పుంగనూరుకు పిల్చుకోని పోయింది?" అంది. "దూరం పోతాండారు, ఇప్పుడే ఎత్తుకోని పొండి అని దొడ్డమ్మ తొట్టి ఇచ్చె. బస్సులో తొట్టి మన కాళ్ళకాడ పెట్టుకోని కూసుంటిమి. కండ్లు ఎర్రగుండాయేమే అంటే ఎండకు మండుతాండాయంటివి. ఆ కండ్లు అందుకా?"

సంగీత తలూపింది.

"ఆ పచ్చి ఒళ్ళుతోనా బస్సెక్కింది? నేను దోవ పొడుగునా పేర్లు చెప్తావుంటి. మొగబిడ్డయితే ఇది, ఆడబిడ్డయితే ఇది అని. వింటా కూసుంటివే! ఒగ మాట సెప్పరాదా నాకు? నేనేమన్నా నిన్ను కొట్టేదాన్నా?"

అప్పుడు సంగీత ఏడ్చింది. ఇన్నాళ్ళుగా బాత్రూములో కొళాయి తిప్పి ఏడ్చిన ఏడుపు, వాకిట్లో అందరి ముందు ఏడ్చింది. బుజ్జమ్మ ఆమె తల తన భుజానికి ఆనించుకుని తనూ ఏడ్చింది. మనవడికి ఆమె ఎన్నో పేర్లు అనుకుని పెట్టుకుంది పాపం.

ఏడ్చి, ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంటూ ఆమె తలెత్తింది. ఎదురుగా కొడుకు ఉన్నాడు. చేతిలో నీలం సుద్ద అలాగే ఉంది.



"ఏమిరా," అంది బుజ్జమ్మ. "నువ్వేమీ అడగవే?"

"ఏమడగాల మా?"

"పెండ్లాం ఇంత మాట సెప్పింది. ఎప్పుడు అని గూడా అడగవే? ఎట్ల అని అడగవే?"

మునిరాజ సుద్దముక్కను అటూ ఇటూ తిప్పాడు. వేళ్ళన్నీ నీలం అయ్యాయి.

"నీకు తెలుసు," అంది బుజ్జమ్మ.

సంగీత తల ఎత్తింది. లేదు అంటాడని చూసింది. ఆ ఒక్క మాట కోసం ఆమె చూసిన చూపు మీరు చూసి ఉంటే, మునిరాజ మీద మీకు ఎప్పటికీ జాలి కలగదు.

"కుప్పంలో ఇది చూపించుకునే ఆస్పత్రికి ఫోన్ చేసినా," అన్నాడు అతను. "రాయపూరుకు రైల్లో పిల్చుకోని పోవచ్చా, ఏసీ టికెట్టు తియ్యాల్నా, మామూలుది సాలా అని అడిగేదానికి. అప్పటికింకా కుప్పంలో వదిలే మాటే లేదు. నర్సమ్మ చెప్పింది. ఇంగేం భయం లేదు, బాగా కోలుకున్నింది, యాడికైనా పోవచ్చు అని."

"ఎప్పుడు?" అంది సంగీత.

"టికెట్లు తీసిన రోజు."

"మూడు టికెట్లు తియ్యాలని పోయినావు ఆ రోజు. నేను సద్ది కట్టిచ్చినా."

"అవును."

"రెండే తీసినావు. నేను కడుపుతో ఉండాననా?"

టికెట్లు తీసిన మర్నాడే మునిరాజ తల్లి దగ్గర కూర్చుని, కడుపుతో ఉన్న మనిషి ఇల్లు మారొచ్చా మా అని అడిగాడు. తల్లి ఏం చెప్తుందో తెలిసే అడిగాడు. బుజ్జమ్మకు ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి, చేత్తో నెత్తి పట్టుకుంది.

"నా నోటితో సెప్పించినావు గదరా," అంది. "నీకు వదిలేసి పోవాలనుండి, ఆ మాట నా నోటితో సెప్పించినావు గదరా."

"వదిలేసి పోవాలని గాదు మా!" అన్నాడు మునిరాజ. "మూడు తూర్లు. ప్రతి తూరీ దాని మొకం చూడాల, నీ మొకం చూడాల. ఇంట్లో అడుగు పెట్టాలంటే భయం. ఇంగొగ తూరి నాకు సేతగాదు. కొన్నాళ్ళు ఎవురి పాటికి వాళ్ళుంటే మేలనుకున్నా. కొన్నాళ్ళే."

"కొన్నాళ్ళంటే?" అంది సంగీత.

అతను నీలం వేళ్ళను ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పెట్టె పంపిస్తే కొన్నాళ్ళు మామా. బీరువా పంపిస్తే ఎన్నాళ్ళు?"

మునిరాజ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పెండ్లాన్ని నాలుగు తిట్టి పోయేవాడు, ఆమెకు తిరిగి తిట్టడానికి ఒక దారైనా ఉండేది. ఇతను సామాన్లు సర్దాడు. పెండ్లాం పుట్టింటి నుంచి తెచ్చుకున్న ప్రతి వస్తువు మీదా, సూది డబ్బాతో సహా, ఒక్కటీ మర్చిపోకుండా నీలం గుర్తు పెట్టాడు. చూడబోతే నెల్నాళ్ళ లెక్కలో అతను వేసిన ఖరీదైన లెక్క అదే.

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. గంగాధరం తల దించుకుని వచ్చాడు.

"అన్నా, మండీలో బాక్సులు ఎండకు ఉండాయి. ఈ బీరువా..."

మునిరాజ బీరువా వైపు చూశాడు. పెండ్లాం వైపు చూడలేదు. ఇంకా సమయం ఉంది. లారీలో జాగా ఉంది, బాడుగ ఎక్కువ కాదు, ఇల్లు మారడానికి అడ్డం లేదు. ఎర్ర సుద్ద అతని జేబులోనే ఉంది.

"కుప్పం బండికి," అన్నాడు.

సంగీత లేచింది. ఇంక ఏడవలేదు. నడవలోకి పోయి తొట్టిని చేతుల మీద ఎత్తుకుని వచ్చింది. దాని మీద ఏ గుర్తూ లేదు. టాటా ఏస్ దగ్గర దింపి, దొరస్వామితో అంది. "అన్నా, దోవలో పుంగనూరులో ఒగ నిమిషం నిలపాల. ఇది దొడ్డమ్మ ఇంట్లో ఇచ్చేసి పోతాం."

"ఉట్టి తొట్టి తిరిగియ్యకూడదు," అంది బుజ్జమ్మ వెనక నుంచి.

అది వాళ్ళ ఇండ్లలో ఆచారం. బిడ్డ పెరిగాక తొట్టి తిరిగిచ్చేటప్పుడు దాంట్లో బియ్యం పోసి, రవికెగుడ్డ పెట్టి ఇస్తారు. బిడ్డే లేనప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, ఎవరికీ ఆ అవసరం రాలేదు కాబట్టి.

బుజ్జమ్మ ఎర్ర కుప్ప దగ్గరికి పోయి, పసుపు గుడ్డలో కట్టిన మూట విప్పింది. రాయపూరులో పాలు పొంగించే రోజు పొంగలికని, రాళ్ళేరి, తుమ్మ ముల్లంత నలుసు కూడా లేకుండా ఆమె తన చేతులతో బాగు చేసి పెట్టిన బియ్యం అవి. తెచ్చి తొట్టిలో పోసింది. పైన తన కొత్త రవికెగుడ్డ మడిచి పెట్టింది.

"మా," అన్నాడు మునిరాజ. "అది కొత్తింటి బియ్యం."

"కొత్తిల్లు యాడుండాదిరా?" అంది బుజ్జమ్మ. "ఒగ రూమే గదా."

తర్వాత ఆమె బండ మీద కూర్చుని, చెప్పులు తొడుక్కోబోయింది. పట్టలేదు. ఇన్నాళ్ళ నడకకు పాదాలు ఉబ్బి, వెడల్పయ్యాయి. రెండు మూడుసార్లు దూర్చి చూసి, లాభం లేదని చెప్పులు చేత్తో పట్టుకుని లేచింది. టాటా ఏస్ ముందు తలుపు దగ్గరికి పోయింది.

"దొరస్వామీ, ముందర ఇద్దరం పడతామా నాయనా?"

"ఇరుక్కోని కూసుంటే పడతారమ్మా."

"మా! రైలుకు టైమవతాది. నీకు టికెట్టు తీసినా!"

"తీసినావులే. నాకు గూడా రెండు బాడుగలు పెట్టుకో," అని బుజ్జమ్మ బండెక్కి, పక్కకు జరిగి, కోడలికి చోటు చేసింది.

హమాలీలు బీరువాను ఏస్ మీదికి ఎత్తారు. దాని లోపల మర్చిపోయిన గాజులేవో గలగలమన్నాయి. సంగీత ఒకసారి ఇంటి వైపు చూసింది. మొగుడి వైపు చూడకూడదనుకుంది, చూడలేదు. తలుపు పట్టుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టింది.

"సంగీ," అన్నాడు మునిరాజ.

ఎన్నాళ్ళకో. అదే గొంతు, ఇంట్లోకి వస్తూ చెప్పులు విప్పకముందు పిలిచే గొంతు.

సంగీత ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద అలాగే ఆగిపోయింది. వెనక్కి మాత్రం తిరగలేదు. లోపలి నుంచి బుజ్జమ్మ కోడలికి చేయందించలేదు, పొమ్మనీ అనలేదు. చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. దొరస్వామి ఇంజన్ స్టార్టు చేశాడు.